ఇంకొక్క రోజు చూద్దాం

"ఆ నీలం చొక్కా పెట్టకండి వదినా. దాని మెడ బిగుతు. పడుకున్న మనిషికి ఒరుసుకుంటుంది."

"అయితే ఏది పెట్టాలో నువ్వే చెప్పు. ఏదీ పెట్టొద్దని మాత్రం చెప్పకు. నిన్నట్నుంచీ అదే పాట వింటున్నాను."

మంచం కాళ్ళ దగ్గర సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది. అందులోకి ఆడబిడ్డ ఒక్కొక్క బట్టే మడతపెట్టి, అరచేత్తో రుద్ది చదును చేసి మరీ సర్దుతోంది. దుప్పటి అయింది, తువ్వాళ్ళు అయ్యాయి. మందుల సంచి ఇంకా బయటే ఉంది. దాన్ని ఆ ఇంటి కోడలు, పక్షుల డాక్టరమ్మ, తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అది వదిలితే మనిషి కూడా వెళ్ళిపోతాడన్నట్టు.

తెల్లవారి ఆరు కావస్తోంది. కిటికీ బయట వీధి లేదు. మంచు తప్ప ఏమీ లేదు. ఎదురింటి దీపం ఒకటి ఎటూ ఆనకుండా గాలిలో తేలుతున్నట్టుంది.

మంచం మీద పెద్దాయన వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తున్నాడు. ముప్పై రెండేళ్ళు ఊరి బస్సు నడిపిన మనిషి. నలభై రోజుల కిందట తలలో నరం చిట్లి, స్నానాల గది గుమ్మంలో కూలబడ్డాడు. ఆ తర్వాత చెయ్యి లేవలేదు, కాలు కదలలేదు. నోట మాట పడిపోయింది. కళ్ళు ఒక్కటే మిగిలాయి.

"ఆయనకి అన్నీ వినపడుతున్నాయి వదినా. ఆదివారం అడిగాను. వినపడితే కళ్ళు మూయండి మామయ్యా అంటే మూశారు. ఇక్కడే ఉంటారా అంటే మూశారు."

"నిమిషానికి పదిహేనుసార్లు నేనూ మూస్తాను కళ్ళు. నన్నూ అడుగు. ఇక్కడే ఉంటానంటాను."

"వెటకారం కాదు..."

"వెటకారం కాక మరేమిటి? మా నాన్న నీ చెరువులో బాతు కాదు, రెప్ప ఎత్తి చూసి చీటీ రాయడానికి. పొద్దున్న ఆరింటికి పోతావు, చీకటి పడ్డాక వస్తావు. వీడు బడికి పోతాడు. పగలంతా ఆయన పక్కన ఎవరుంటున్నారు? గోడ! మా ఇంట్లోనైతే పొద్దస్తమానం నేనుంటాను."

వీడంటే తమ్ముడు. డాక్టరమ్మ భర్త. బళ్ళో డ్రాయింగు మాస్టరు. మూల కుర్చీలో కూర్చుని పెన్సిళ్ళు చెక్కుతున్నాడు. ఇంట్లో గొడవ మొదలైతే అతనికి ఎప్పుడూ పెన్సిళ్ళే గుర్తొస్తాయి. పాపం, ఇవాళ అప్పుడే పదకొండు చెక్కాడు.

"ఒరేయ్, నువ్వైనా నోరు విప్పు."

"ఏం చెప్పనక్కా. నువ్వనేదీ నిజమే. ఆవిడనేదీ నిజమే."

"ఆహా! జడ్జిగారు తీర్పిచ్చారు. ఇక ఇళ్ళకి పోదాం పదండి."

అప్పుడే ఫోను మోగింది. చెరువు దగ్గర్నుంచి. డాక్టరమ్మ కింద పనిచేసే చిన్న డాక్టరు, అందరూ చిట్టి డాక్టరనే పిలిచే అమ్మాయి. ఆ పిల్ల గొంతు ఎప్పటిలా లేదు.

"మేడమ్, గాలి తిరిగింది. తూర్పు ఒడ్డంతా పడిపోయిన పక్షులే. మీరు త్వరగా రావాలి. ఇంకో సంగతి కూడా ఉంది... ఫోన్లో వద్దులెండి."

డాక్టరమ్మ లేచింది. మందుల సంచిని పెద్దాయన తలగడ పక్కన పెట్టింది.

"వదినా, సాయంత్రం ఐదింటిదాకా ఆగండి. నేను లేకుండా తీసుకెళ్ళకండి. అంతకన్నా ఏమీ అడగను."

"ఎన్నోసారి అడగడం ఇది? ఇదివరకు రెండుసార్లు కారు వేసుకుని వచ్చాను. వచ్చినప్పుడల్లా 'ఇంకొక్క రోజు చూద్దాం వదినా' అన్నావు. ఉత్త చేతులతో వెనక్కి పోయాను."

"ఐదింటిదాకా."

ఆడబిడ్డ నీలం చొక్కాని సూట్‌కేసులోంచి తీసి కుర్చీ మీదికి విసిరింది.

"ఐదు దాటితే ఒక్క నిమిషం ఆగను."

డాక్టరమ్మ మామగారి మీదికి వంగింది. "వెళ్ళొస్తాను మామయ్యా" అంది. చెప్పకుండా గడప దాటడం ఆమెకు చేతకాదు. తనకు ఆరేళ్ళప్పుడు తండ్రి దూరపు ఉద్యోగానికి వెళ్తూ, లేపితే ఏడుస్తుందని నిద్రలోనే వదిలి వెళ్ళాడు. తిరిగి రాలేదు. లేచేసరికి పక్కమీద ఆయన పడుకున్న చోటు ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్న పిల్ల ఇవాళ్టికీ ఆమెలో ఎక్కడో అలాగే కూర్చుని ఉంది.

పెద్దాయన రెప్ప ఒకసారి వాలి లేచింది. అది జవాబో, మామూలుగా కొట్టుకునే రెప్పో ఎవరు చెప్పగలరు?

*

చెరువు దగ్గర మంచు ఇంకా చిక్కగా ఉంది. నీళ్ళెక్కడ మొదలయ్యాయో, ఒడ్డెక్కడ ఆగిందో తెలియడం లేదు. తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులు మోకాలిలోతు నీళ్ళలో చప్పుడు లేకుండా నడుస్తున్నారు. కాసేపు కనిపిస్తారు, కాసేపు కరిగిపోతారు. పద్దెనిమిది మంది. సర్కారు ఆమె చేతికిచ్చిన జట్టు అది.

నీటి మీద పక్షులు తలలు వాల్చి నిద్రపోతున్నట్టున్నాయి. నిద్ర కాదు. మొన్నటి ఎండలకు నీళ్ళు తగ్గి, అడుగు బురద కుళ్ళి, ఆ కుళ్ళులో విషం పుట్టింది. అది తిన్న పక్షికి ముందు రెక్కలు పోతాయి. తర్వాత కాళ్ళు. చివరికి మెడ వాలిపోతుంది. జట్టులో వాళ్ళు దీన్ని మెడవాలు అంటారు. మెడవాలు పట్టిన పక్షికి చూపు ఉంటుంది, వినికిడి ఉంటుంది. తల ఎత్తే శక్తి మాత్రం ఉండదు. జానెడు నీళ్ళలో, అన్నీ తెలుస్తూండగానే మునిగిపోతుంది.

చచ్చినవాటిని వెంటనే తీసేయాలి. లేకపోతే వాటికి పట్టిన పురుగులు తిని మిగతావీ పడిపోతాయి. బతికినవాటిని నీడకు చేర్చి, మెడ కింద గుడ్డచుట్ట పెట్టి, గొంతులోకి సన్నటి గొట్టంతో మంచినీళ్ళు పోయాలి. రెండు మూడు రోజుల్లో చాలావరకు లేస్తాయి.

"ఇది పోయినట్టుంది మేడమ్. రెప్ప ఆడటం లేదు." పడవ నడిపే ముసలాయన ఒక బాతును ఎత్తి చూపించాడు. అందరూ అతన్ని సరంగు అంటారు.

"రెప్ప ఆడకపోతే పోయినట్టు కాదని ఎన్నిసార్లు చెప్పాను? ఇటివ్వు."

ఆమె ఆ పక్షి రొమ్ముకు చెవి ఆనించింది. చెరువంతా ఒక్క క్షణం ఆగినట్టయింది. చాలా లోతునుంచి, మరో ఊళ్ళో ఎవరో తలుపు తడుతున్నట్టు, చిన్న చప్పుడు.

"ఉంది" అంది.

సరంగు తలూపి దాన్ని బతికినవాటి బుట్టలో పెట్టాడు. "మీరు చెవి పెడితే రాయికి కూడా గుండె ఉందంటారు మేడమ్."

చిట్టి డాక్టరు నవ్వలేదు. వ్యాను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

వ్యాను పక్కన తొమ్మిది అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. ఆరింటి మీద అడ్డంగా నల్లగీత గీసి ఉంది.

"నిన్న మీరు వెళ్ళాక తొమ్మిది తెచ్చాం మేడమ్. బోనుల్లో చోటు లేదు. పెట్టెల్లో పెట్టి వ్యాను కింద ఉంచాం. మెడలు నిలబెట్టడానికి ఆ పెట్టెల్లో వీలు కాలేదు. తెల్లారేసరికి ఆరు పోయాయి."

"చోటు లేకపోవడమేమిటి? ఇరవై నాలుగు బోనులున్నాయిగా!"

ఆ పిల్ల జేబులోంచి చీటీల కట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది. ప్రతి బోనుకూ వేలాడదీసే చీటీలు.

"వీటిలో పద్నాలుగు మీవే మేడమ్."

డాక్టరమ్మ మొదటిది చదివింది. 'లేచింది. ఈదింది. తనంతట తాగింది. పంపవచ్చు.' చిట్టి డాక్టరు చేతిరాత. దాని కింద వేరే రాత. 'ఇంకొక్క రోజు చూద్దాం.' పక్కన సంతకం.

రెండోదీ అదే. మూడోది, నాలుగోది. కొన్నింటి మీద ఆ మాట రెండేసిసార్లు ఉంది. ఒకదాని మీద మూడుసార్లు ఉంది. సంతకాలన్నీ ఆమెవే. రాసినట్టు గుర్తుంది. ఒక్కొక్కటి రాసినప్పుడు అది జాగ్రత్తలాగే అనిపించింది. అన్నీ ఒకచోట చూస్తే ఏమిటో తెలుస్తోంది.

"ఒక రోజంతా బాగుంటే పంపెయ్యాలని రూలు రాసింది మీరే మేడమ్" అంది ఆ పిల్ల నేలకేసి చూస్తూ. "అడుగుదామనుకున్నా మొన్న. అడగలేకపోయా. తప్పు నాది కూడా."

"నీది కాదు."

మంచులో ఎక్కడో తెడ్డు నీళ్ళను తాకిన చప్పుడు వినిపించి ఆగిపోయింది. డాక్టరమ్మ ఆరు పెట్టెల మూతలూ ఒక్కొక్కటే తెరిచింది. ఒక్కొక్క రొమ్ముకూ చెవి ఆనించింది. ఆరింట్లోనూ నిశ్శబ్దమే.

"రిపోర్టులో రాయి" అంది లేచి. "ఆరు పక్షులు చోటు లేక చనిపోయాయి. చోటు లేకపోవడానికి కారణం జట్టు నాయకురాలు బాగుపడ్డ పక్షుల్ని పంపకుండా ఆపడం. ఇదే మాట రాయి. మెత్తగా రాయకు."

"పైవాళ్ళు అడుగుతారు మేడమ్. మిమ్మల్ని ఈ పని నుంచి తీసేసినా తీసేస్తారు."

"అడగనీ. తీస్తే తియ్యనీ. ముందు ఆ పద్నాలుగూ వ్యాను ఎక్కించు. ఇవాళే పంపేద్దాం."

*

ఎగువన ఉన్న జలాశయంలో నీళ్ళు మంచివి. పక్షుల్ని అక్కడ వదులుతారు. మధ్యాహ్నానికి మంచు విడిపోయి, మెత్తటి ఎండ కాసింది. నీళ్ళు కదులుతున్నాయో లేదో తెలియనంత నెమ్మదిగా కదులుతున్నాయి.

పద్నాలుగు బోనులూ ఒడ్డున వరసగా పెట్టారు. తలుపులు తనే తీస్తానంది డాక్టరమ్మ. మొదటి గడియ తీసింది. పక్షి గుమ్మంలో నిలబడి తల అటూ ఇటూ తిప్పింది. ఈ నాలుగు రోజులూ దానికి తన చేత్తో నీళ్ళు తాగించింది, మెడ కింద గుడ్డ సర్దింది. ఒక్కసారి ఇటు చూస్తుందేమోనని ఎదురు చూసింది ఆమె. అది చూడలేదు. నీళ్ళలోకి జారి, రెండు బారలు ఈది, లేచి ఎగిరిపోయింది.

రెండోదీ అంతే, మూడోదీ అంతే. పద్నాలుగూ వెళ్ళిపోయాక నీటి మీద పద్నాలుగు గీతలు మిగిలి, అవి కూడా ఒకదాన్నొకటి కలుపుకుని పోయాయి.

ఇంతేనా, అనుకుంది. ఇన్ని రోజులు తాను భయపడింది ఈ కాస్త దానికేనా? గుండెలో ఏదో తేలికయింది. ఆ తేలిక కూడా నొప్పిగానే ఉంది.

"మీ మామగారెలా ఉన్నారు మేడమ్?" ఖాళీ బోనులు కడుగుతూ అడిగాడు సరంగు.

"అలాగే ఉన్నారు. మా వదిన తీసుకెళ్తానంటోంది. ఆయన ఇక్కడే ఉంటానన్నారు. అడిగితే కళ్ళు మూశారు."

"వెళ్తారా అనడిగితే ఏమన్నారు?"

డాక్టరమ్మ అతనికేసి చూసింది.

"అదేం లేదు మేడమ్, ఊరికే అడిగా. మా మనవరాలిని అన్నం తింటావా అంటే ఊ అంటుంది, తినవా అన్నా ఊ అంటుంది. రెండూ అడిగితే గాని తెలియదు దాని సంగతి."

నలభై రోజుల్లో ఆ రెండో ప్రశ్న తన నోటికి ఒక్కసారి కూడా రాలేదు. మరిచిపోయి కాదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే, ఆ తడి బోనుల మధ్య నిలబడి ఉండగా తెలిసింది.

"టైమెంతయింది?"

"మూడున్నర."

*

ఆమె ఇల్లు చేరేసరికి ఐదుకు పది నిమిషాలుంది. గేటు ముందు కారు, అందులో సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్న డ్రైవరు. సూట్‌కేసు గుమ్మం దగ్గరికి వచ్చేసి ఉంది.

"వచ్చావా? రావేమోననుకున్నా" అంది ఆడబిడ్డ. "ఏం చెప్పదలుచుకున్నావో ఈ పది నిమిషాల్లో చెప్పు. ఒప్పుకోనంటావు, అంతేగా?"

"చెప్పడానికి కాదు వదినా. అడగడానికి. ఆయన్ని."

"మళ్ళీ రెప్పలా!"

"ఈసారి సరిగ్గా అడుగుతాను. మీరూ ఇలా రండి. మీరు కూడా." భర్త చేతిలో పెన్సిలు అక్కడే వదిలేసి వచ్చాడు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని మంచం మీద, పెద్దాయన కళ్ళకు ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, ఆదివారం నేను అడిగింది తప్పు. మామూలుగా కొట్టుకునే రెప్పను జవాబనుకున్నాను. ఇప్పుడు ఇలా చేద్దాం. ఔనంటే కళ్ళు మూసి, నేను పది లెక్కపెట్టేదాకా తెరవకండి. కాదంటే మామూలుగా ఉండండి. మీరు నడిపింది రైలా?"

పది లెక్కపెట్టింది. రెప్పలు రెండుసార్లు ఆడాయి, అంతే.

"బస్సా?"

కళ్ళు మూసుకున్నాయి. ఒకటి, రెండు, మూడు... గదిలో ఆమె గొంతొక్కటే నడుస్తోంది. ఎనిమిది, తొమ్మిది, పది. కళ్ళు తెరుచుకున్నాయి.

డ్రాయింగు మాస్టరు మంచం కోడు పట్టుకున్నాడు. "నాన్నా... అంటే ఇన్నాళ్ళూ నువ్వు..."

ఆడబిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నలభై రోజులుగా ఆ మంచం మీదుగా విసురుకున్న మాటలన్నీ ఒక్కసారి తిరిగొచ్చి గదిలో నిలబడ్డట్టయింది. పక్క బట్టలు మారుస్తూ అన్నవి, జావ పోస్తూ అన్నవి. ఆసుపత్రి డాక్టరే చెప్పాడు ఆయనకేం తెలియదని, అంటూ అన్నవి.

"నేను పోయినసారి వచ్చినప్పుడు అన్న మాట..." అందామె. "నాన్నా, నేను ఆ ఉద్దేశంతో అనలేదు."

ఏ మాట అని ఎవరూ అడగలేదు. ఎవరి మాట వాళ్ళకు గుర్తుంది.

"మామయ్యా" అంది డాక్టరమ్మ. "మీరు ఇక్కడే ఉంటారా?"

ఈసారి చాలా నెమ్మదిగా లెక్కపెట్టింది. ఆరు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ఏడు అంది. పెద్దాయన ఆమెనే చూస్తున్నాడు. రెప్పలు మామూలుగా ఆడుతున్నాయి. తొమ్మిది. పది.

కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఇక ఇక్కడితో ఆపేయొచ్చు. సరిగ్గా వినపడలేదేమో, అలిసిపోయారేమో, రేపు మళ్ళీ అడుగుదాం అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మింగేసింది.

"వదినతో వెళ్తారా?"

కళ్ళు మూసుకున్నాయి.

లెక్క ఎవరు పెడుతున్నారో తెలియలేదు. ఆమె గొంతు ఎక్కడో తెగిపోతే, ఆమె భర్త అందుకున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది. పది దాటినా పెద్దాయన కళ్ళు తెరవలేదు. అనుమానం ఎవరికీ మిగలకూడదన్నట్టు అలాగే మూసి ఉంచాడు.

ఎందుకని? తాను ఏం తక్కువ చేసింది? అడగాలనిపించింది. ఔను, కాదు అనే రెండు మాటల్లో అందుకు జవాబు పట్టదు.

"సరే మామయ్యా" అంది. "అలాగే వెళ్దురుగాని."

లేచి, కళ్ళు తుడుచుకోకుండానే ఆడబిడ్డవైపు తిరిగింది.

"మీరే నెగ్గారు వదినా. డ్రైవర్ని లేపండి. నేను భుజాల దగ్గర పట్టుకుంటాను, మీ తమ్ముడు కాళ్ళ దగ్గర పట్టుకుంటారు. మందులు ఏ వేళకి ఏవో కాగితం మీద రాసిస్తాను."

ఆడబిడ్డ కదల్లేదు. గుమ్మం దగ్గరున్న సూట్‌కేసు మీద మెల్లగా కూలబడింది.

"వదినా?"

"నువ్వు ఒప్పుకోవనుకున్నాను."

"ఏమిటీ?"

"రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ నువ్వు ఆపావు. మూడోసారి కూడా ఆపుతావనుకున్నా. అడగడం నా వంతు, ఆపడం నీ వంతు." ఆమె గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "మా ఇంట్లో చెప్పలేదే. మీ అన్నయ్యగారికి అసలు తెలియదు. ఇంట్లో అదనంగా ఒక మంచం వేస్తానన్నా ఒప్పుకోని మనిషి. తీసుకెళ్తానని నేనెప్పుడూ... తీసుకెళ్తానన్నానని నలుగురికీ తెలిస్తే చాలనుకున్నాను."

"అక్కా" అన్నాడు డ్రాయింగు మాస్టరు.

"ఇప్పుడేం చెయ్యను? ఆయన్ని ఎక్కడికని తీసుకెళ్ళను?"

"అక్కా, మెల్లగా." ఎప్పుడూ గొడవకి దూరంగా ఉండే ఆ మనిషి అక్క దగ్గరికొచ్చి వంగాడు. "నాన్నకి వినపడుతుంది."

ముగ్గురూ ఒక్కసారి మంచంవైపు తిరిగారు.

పెద్దాయన కళ్ళు తెరిచాడు. తనను తీసుకెళ్ళడానికి ఎవరొస్తారా అన్నట్టు, గుమ్మంకేసి చూస్తూ ఉన్నాడు.